పైడికంఠుడి పోలిక

ఈ కథ అడవిలో జరగలేదు. జరగాలన్నా అక్కడ అడవి లేదు. దక్షిణ అమెరికాలో ఆండీస్ అనే కొండలున్నాయి. ఆ కొండల నెత్తిన, మబ్బులు కూడా ఆయాసపడుతూ ఎక్కేంత ఎత్తున, చెట్టన్నది మొలవని ఒక గడ్డి మైదానం ఉంది. దాని పేరు చలిగాలి మైదానం. అక్కడ బండల సందుల్లో విస్కాచాలు ఎండ కాగుతుంటాయి. కుందేలుకి ఉడుత తోక అతికించినట్టుంటాయి అవి. నక్కలున్నాయి, ప్యూమాలనే పెద్ద పిల్లులున్నాయి, పైన రాబందులున్నాయి. అన్నిటికంటే ఎక్కువగా వికున్యాలున్నాయి.

వికున్యా ఒంటెకి దూరపు చుట్టం. మూపురం లేదు. జింకలాగా సన్నగా, పొడుగు మెడతో ఉంటుంది. దాని ఒంటిమీది ఉన్ని అంత మెత్తని ఉన్ని ఆ చుట్టుపక్కల ఇంకే జంతువుకీ లేదు.

వికున్యాలకి రెండు అలవాట్లున్నాయి. మొదటిది చెబితే మీరు నవ్వుతారు. నవ్వండి, పరవాలేదు.

ప్రతి గుంపుకీ ఒక పెంటికల దిబ్బ ఉంటుంది. చిన్నా పెద్దా అందరూ అక్కడికే వెళ్ళి పెంటికలు వేయాలి. ఆ దిబ్బే వాళ్ళ పొలిమేర, అదే వాళ్ళ ఇంటిపేరు. దారిన పోయే వికున్యా ఆగి వాసన చూస్తే ఇది ఫలానావాళ్ళ చోటని తెలిసిపోతుంది. పైగా పచ్చగడ్డి దాని చుట్టూనే బాగా మొలుస్తుంది.

రెండోదాన్ని సాగనంపు అంటారు. కూనలకి ఏడాది నిండి, కొత్త కూనలు పుట్టే వేళ దగ్గరపడగానే తండ్రి వాటిని మడమలు కొరికి మరీ గట్టు దాటిస్తాడు. మగకూన, ఆడకూన అనే తేడా లేదు. అవి ఏడుస్తూ పోయి, ఏ కనుమ అవతలో ఇంకో గుంపులో కలుస్తాయి. అక్కడివాళ్ళు తరిమేసినవి ఇక్కడికొస్తాయి. తల్లులు ఆ రోజు గడ్డి ముట్టరు. ఎందుకిలా చేస్తారని ఎవరూ అడగలేదు. తాతలనాటి నుంచీ వస్తోంది కాబట్టి చేస్తున్నారు, అంతే.

నల్లచెవి అనే ఆడ వికున్యా అలా వచ్చిందే. తండ్రి ఆమెను మూడుసార్లు కొరికి పంపాడు. రెండు రోజులు నడిచి ఒక దిబ్బ దగ్గర ఆగి, భయపడుతూ వాసన చూసింది. ఆ గుంపు పెద్ద పైడికంఠుడు అప్పుడు వయసులో ఉన్నాడు. మెడ కింద అతని ఉన్ని అచ్చం బంగారపు రంగు. అతను ఆమెను ఎగాదిగా చూసి పక్కకి జరిగి దారి ఇచ్చాడు. ఆమె ఎడమ చెవి నల్లగా ఉండటం చూసి గుంపులో ఆడవాళ్ళు ముసిముసిగా నవ్వుకున్నారు. తర్వాత అలవాటు పడ్డారు.

కొన్నాళ్ళకి ఆమెకి కూన పుట్టింది. ఆ మైదానంలో కూన పుడితే అందరూ పరుగున వచ్చి అడిగే మొదటి మాట ఒకటే.

"ఎవరి పోలిక?"

కాళ్ళు మేనత్తవని ఒకరు, కాదు ముక్కు చూడండి తాతదేనని ఇంకొకరు, మధ్యాహ్నం దాకా వాదించుకుంటారు. నల్లచెవి కూనకి మాత్రం వాదన లేకుండా తేలిపోయింది. ఒళ్ళు తండ్రిది, చెవి తల్లిది. దానికి రవ్వ అని పేరు పెట్టారు.

ఇక్కడిదాకా అంతా బాగానే ఉంది. పైడికంఠుడి బుర్ర చెడింది ఆ తర్వాతే.

కొండ కింది ఊరివాళ్ళు కొన్నేళ్ళకోసారి మైదానానికి వస్తారు. రంగుగుడ్డలు కట్టిన పొడుగు తాడు పట్టుకుని, వరసగా నడుస్తూ వికున్యాలని ఒక దొడ్డిలోకి తోలతారు. ఉన్ని కత్తిరించుకుని వదిలేస్తారు. ఆ ఏడూ అలాగే వచ్చారు. ఒక ముసలావిడ పైడికంఠుడి మెడ నిమిరి, ఇంత చక్కని పైడి రంగు తానెక్కడా చూడలేదనీ, అన్నీ ఇలాగే ఉంటే ఎంత బాగుండుననీ అంది. అని మరిచిపోయింది. పైడికంఠుడు మరిచిపోలేదు. ఆ మాట అతని చెవిలో దూరి అక్కడే కాపురం పెట్టింది.

మర్నాడు పొద్దున్నే అతను దిబ్బ ఎక్కి గుంపునంతా పిలిచాడు.

"ఇవాళ్టి నుంచి సాగనంపు లేదు. మన కూనలు మన దగ్గరే ఉంటాయి. మన దిబ్బ వాసన లేనివాళ్ళెవరూ గట్టు దాటి రాకూడదు. నాలుగేళ్ళు చూడండి, ఈ మైదానమంతా పైడి మెడలే ఉంటాయి."

అప్పటికి రవ్వకి సరిగ్గా ఏడాది. నిజం చెప్పొద్దూ, ఆ మాట విని నల్లచెవికి ప్రాణం లేచొచ్చింది. కూతురు కళ్ళముందే ఉంటుంది. మడమ కొరకడాలూ, గట్టు మీద ఏడుపులూ ఉండవు. ఆ సాయంత్రం ఆమె కడుపునిండా గడ్డి తింది. మనసులో ఎక్కడో ఏదో కెలికింది కానీ పట్టించుకోలేదు. ఏ తల్లి పట్టించుకుంటుంది?

గట్టు అవతల ఉన్న ఉప్పుచెరువు వైపునుంచి కూనలు వచ్చి దిబ్బ దగ్గర ఆగేవి. మట్టిరంగువి, బూడిదరంగువి, మోకాళ్ళు లావుగా ఉన్నవి. పైడికంఠుడు చెవులు వెనక్కి వాల్చి మొహాన ఉమ్మి తరిమేవాడు. ఒక ఏడాది ఆరు వచ్చాయి, మరుసటేడు రెండు. తర్వాత ఎవరూ రాలేదు. ఆ గుంపు సంగతి నాలుగు దిక్కులా తెలిసిపోయింది మరి.

గుంపు ముప్పైరెండుకి పెరిగింది. కొత్తగా పుట్టినవన్నీ పైడి మెడలే. అందరూ ఒకే గుంపులో జతకట్టారు. ఎవరు అన్నో, ఎవరు బావో చెప్పలేనంతగా వరసలు చిక్కుపడ్డాయి. కూన పుడితే ఎవరూ పరుగున రావడం లేదు. ఎవరి పోలికని అడగడానికేముంది, అన్నీ ఒకటే పోలిక. ఆ ప్రశ్న ఎప్పుడు ఆగిపోయిందో ఎవరూ గమనించలేదు. నల్లచెవి గమనించింది.

ఇంకొకటి కూడా గమనించింది. వికున్యాలు పొద్దుటిపూటే ఈనుతాయి. మధ్యాహ్నానికి వడగళ్ళు పడతాయి కాబట్టి, ఆలోపు కూన లేచి నిలబడి ఒళ్ళు ఆరబెట్టుకోవాలి. నిలబడితే బతికినట్టు, లేకపోతే లేదు. ఈ పైడి కూనలు ఆలస్యంగా లేస్తున్నాయి. కొన్నిటికి కాళ్ళు వంకర, కొన్నిటికి కింది దవడ పక్కకి జరిగి పాలు తాగడం రాదు. మూడో ఏట పుట్టిన తొమ్మిదింటిలో నాలుగే మిగిలాయి.

ఆ పోయిన అయిదింటిలో రవ్వ తొలి కూన ఒకటి. అది ముందుకాళ్ళు కూడదీసుకుంది, పడింది, మళ్ళీ కూడదీసుకుంది. రవ్వ మూతితో లేపుతూనే ఉంది. వడగళ్ళు మొదలయ్యాక కూడా లేపుతూనే ఉంది. చివరికి రాబందులు దిగితే తల్లీకూతుళ్ళు పక్కకి తప్పుకున్నారు.

నల్లచెవి నేరుగా దిబ్బ దగ్గరికి వెళ్ళింది. కూతుర్ని పంపేయమని పైడికంఠుణ్ణి అడిగింది. తననూ ఒకప్పుడు తండ్రి తరిమాడనీ, అలా తరమబట్టే రవ్వ పుట్టిందనీ, అలవాటు ఊరికే పుట్టలేదేమోననీ నెమ్మదిగానే చెప్పింది. అతను మెడ నిక్కించి, కూన పోయింది వడగళ్ళ వల్లనీ, వానలు మారాయనీ అన్నాడు.

"వడగళ్ళు ఉప్పుచెరువు దగ్గరా పడ్డాయి," అంది నల్లచెవి. "అక్కడి కూనలు గంతులేస్తున్నాయి. నేను గట్టెక్కి చూశాను."

"ఆ మట్టి మొహాలతో మాకు పోలికా?" అన్నాడు పైడికంఠుడు.

అంతటితో మాటలయిపోయాయి. తండ్రి చేయడని తేలింది. చేయవలసింది తనేనని ఆమెకి అర్థమైంది. అర్థమైనా మూడు రోజులు కాళ్ళు రాలేదు. నాలుగో రోజు పొద్దున రవ్వ ఆమె పక్కనే నిలబడి మేస్తోంది. నల్లచెవి వంగి కూతురి మడమ గట్టిగా కొరికింది.

రవ్వ ఎగిరిపడి, అర్థంకాక తల్లి వైపు చూసింది. "అమ్మా, నేనేం చేశాను?"

జవాబు చెబితే నల్లచెవి ఇక పంపలేకపోయేది. చెవులు వాల్చి మళ్ళీ కొరికింది. అలా కొరుకుతూ, తరుముతూ గట్టు దాకా తీసుకెళ్ళి, అవతల ఉప్పుచెరువు వైపు దిగేదాకా నిలబడింది. తండ్రి తనను మూడుసార్లు ఎందుకు కొరికాడో ఆమెకి ఆ రోజు తెలిసింది. రెండుసార్లకి ఏ బిడ్డా కదలదు. ఆ రోజు ఆమె గడ్డి ముట్టలేదు.

పైడికంఠుడు పట్టించుకోలేదు. నల్ల చెవి ఉన్నది ఒకటి పోయింది కదా, గుంపు ఇంకా శుభ్రపడిందన్నాడు.

మరుసటేడు వానలు తగ్గాక మైదానానికి గజ్జి వచ్చింది. కంటికి కనపడని పురుగు చర్మంలో దూరుతుంది. దురద, పుండ్లు, ఉన్ని రాలడం. ఉన్ని లేని వికున్యాని చలి రెండు వారాల్లో తీసుకుపోతుంది.

ఉప్పుచెరువు గుంపుకీ గజ్జి తగిలింది. అక్కడ కొందరు పోయారు, కొందరు గీరుకుని గీరుకుని తేరుకున్నారు, కొందరికి అసలు అంటనే లేదు. రకరకాల ఒళ్ళు, రకరకాల రక్తం. ఒకరికి లేని తట్టుకునే శక్తి ఇంకొకరికి ఉంది. పైడికంఠుడి గుంపులో అలా జరగలేదు. అక్కడ అందరిదీ ఒకే ఒళ్ళు. ఒకరిని గెలిచిన పురుగు అందరినీ గెలిచినట్టే. ముప్పైరెండు మందిలో ఆరుగురు మిగిలారు. వాళ్ళలో నల్లచెవి ఒకతె. ఆమెకి వెనకకాలి మీద అరచేయంత పుండు పడి, మానిపోయింది. పైడికంఠుడు బతికాడు కానీ మెడ కింద ఒక్క పోగు మిగల్లేదు. చర్మం ఎండిపోయి, నెర్రెలిచ్చింది.

ఆ ఏడాదే ఊరివాళ్ళు తాడు పట్టుకుని వచ్చారు. ఆ ముసలావిడే అతని ముందు ఆగి, మెడ తడిమి, పాపం, ఇది ఏ గుంపుదో అనుకుంటూ కత్తెర ఎత్తకుండానే వదిలేసింది. ఆమె గుర్తుపట్టలేదు. పైడికంఠుడికి ఆ ఒక్కటీ గజ్జికంటే ఎక్కువ బాధించింది.

మరుసటేడు ఆ గుంపులో ఒక్క కూనా నిలబడలేదు. దిబ్బ ఎండిపోయింది. ఆరుగురు వేసే పెంటికలకి గడ్డి ఏం మొలుస్తుంది?

వానలకి ముందు ఒక పొద్దున గట్టు మీద రెండు ఆకారాలు కనిపించాయి. ముందు నడిచేది ఏడాది నిండిన ఆడకూన. మట్టిరంగు ఒళ్ళు, లావు మోకాళ్ళు. మడమ మీద కొత్త గాటు ఉంది. వెనక వచ్చేది కనుమ అవతలినుంచి తరిమేసిన కుర్ర వికున్యా, బూడిదరంగు మగది. దారిలో కలిసినట్టున్నారు. ఆడకూన దిబ్బ దగ్గర ఆగి, తల వంచి వాసన చూసింది. అప్పుడు నల్లచెవికి దాని ఎడమ చెవి కనిపించింది. నల్లగా ఉంది.

ఆమె కదల్లేదు. దిబ్బ గుంపు పెద్దది, నిర్ణయమూ అతనిదే. అందరూ పైడికంఠుడి వైపు చూశారు.

అతను చెవులు వెనక్కి వాల్చాడు. నోట్లో ఉమ్మి చేర్చాడు. కూన నిలబడే ఉంది, ఎందుకంటే దానికి వెళ్ళడానికి ఇంకో చోటు లేదు. చాలాసేపయ్యాక పైడికంఠుడు చెవులు నిలబెట్టాడు. నోట్లోది మింగేశాడు. తర్వాత దిబ్బ దిగి పక్కకి జరిగాడు.

రెండేళ్ళు గడిచాయి. బూడిదరంగువాడు గుంపుకి పెద్దయ్యాడు. పైడికంఠుడు ముసలివాడై, చూపు తగ్గి, గుంపుకి ఇంత దూరాన ఒంటరిగా మేస్తున్నాడు. ఉన్ని కాస్త వచ్చింది కానీ అది తెల్లగా వచ్చింది.

ఒక పొద్దున మట్టిరంగు ఆమెకి కూన పుట్టింది. ముసలి నల్లచెవితో సహా గుంపంతా పరుగున వెళ్ళింది. కాళ్ళు ఉప్పుచెరువువాళ్ళవని ఒకరు, ఒళ్ళు కనుమవాళ్ళదని ఒకరు గొడవ మొదలుపెట్టారు. ఆ గొడవ అక్కడ వినిపించి ఎన్నేళ్ళయిందో.

దూరాన్నుంచి పైడికంఠుడు మెడ ఎత్తాడు. "నల్లచెవీ, ఎవరి పోలిక?"

నల్లచెవి అతని దగ్గరికి నడిచి వెళ్ళింది.

"కాళ్ళు, ఒళ్ళు వాళ్ళవీ వీళ్ళవీ. చెవి నాది."

"నిలబడిందా?"

"మంచు కరగకముందే నిలబడింది."

అతను తల ఊపి, మళ్ళీ గడ్డి మీదికి వంగాడు. ఇక అడగవలసింది లేదనుకున్నాడు. నల్లచెవి వెళ్ళలేదు.

"ఇంకోటి ఉంది," అంది. "మెడ కింద చూశాను. పైడి రంగు. మీ పోలికే."

పైడికంఠుడు తన పక్కనే పెట్టుకుని కాపాడిన వాటిలో ఆ రంగు ఒక్కదానికీ మిగల్లేదు. తల్లి మడమ కొరికి గట్టు దాటించిన కూతురితో పాటు అది పోయి, మట్టిరంగు ఒంటిలో దాక్కుని, మళ్ళీ తిరిగొచ్చింది. ముసలాయన పడుతూ లేస్తూ, ఆ కూనని చూడటానికి బయలుదేరాడు.

నీతి: మనవాళ్ళు మనలాగే ఉండాలని తలుపులు మూసుకున్న గుంపు ఒకే దెబ్బకి రాలిపోతుంది. రకరకాలవాళ్ళకి దారి ఇచ్చిన గుంపే నిలబడుతుంది.