తెల్లరాయి దగ్గర నొక్కిన బటన్

గంధవరం అంబులెన్సు కేంద్రానికి పట్టాభి అని ఒక పెద్ద ఉండేవాడు; రోగి నాడి పట్టుకోవడం మానేసి తొమ్మిదేళ్ళయింది కానీ, పైఅధికారి నాడి పట్టుకోవడంలో మాత్రం అతన్ని మించినవాడు మూడు జిల్లాల్లో లేడు.

మొదట్లో అతనూ బండి వెనక కూర్చుని రోగుల్ని మోసినవాడే. మంచి పనివాడని పేరు కూడా ఉండేది. కుర్చీ వచ్చాక మెడ మెత్తబడింది. పైనుంచి ఏ మాట వచ్చినా "చిత్తం సార్" అని తల ఊపేవాడు. ఆ ఊపుడుకు వచ్చే గాలే చాలని ఆ గదిలో ఫ్యాను పెట్టించుకోలేదు. నేను తగ్గించే చెబుతున్నాను.

గంధవరం బండి ఒక్కటే, దాని కింద ఊళ్ళు ఇరవై రెండు. వాగుకు ఇవతల పదకొండు, అవతల పదకొండు. ఇవతలి ఊళ్ళకు పదిహేను నిమిషాల్లో వెళ్ళిపోవచ్చు. అవతలికి వెళ్ళాలంటే వంతెన లేదు. వాగు ఒడ్డునే ఆనకట్ట దాకా పోయి, చుట్టు తిరిగి, ముప్పావుగంటకు చేరాలి. ఆ దారిలో గోతులు ఎలాంటివంటే, నున్నగా గీసుకుని గోతిలో దిగిన డ్రైవరు పైకి ఎక్కేసరికి గడ్డం పెరిగి ఉండేది.

బండిలో డ్రైవరు పక్కన ఒక చిన్న తెర ఉండేది. రోగి ఇంటి ముందు ఆగగానే దాని మీద "చేరాం" అనే బటన్ నొక్కాలి. పిలుపు వచ్చిన ఇరవై నిమిషాల్లోపు నొక్కితే పచ్చరంగు వచ్చేది. దాటితే ఎరుపు. నెలనెలా ఆ రంగులు లెక్కచూసి జిల్లా అధికారి వైకుంఠరావు గారు కేంద్రాలకు ర్యాంకులు ఇచ్చేవారు. గంధవరానికి ఎప్పుడూ ఆఖరి ర్యాంకే వచ్చేది. వైకుంఠరావు గారు అందరి ముందూ కసిరేవారు. దారి ఎంత దూరమో చెప్పడానికి పట్టాభికి ఎన్నడూ నోరు పెగల్లేదు.

దానికి బదులు అతను ఒక ఉపాయం ఆలోచించాడు. డ్రైవరు నూకరాజునూ, బండిలో రోగులను చూసుకునే టెక్నీషియను ఎస్తేరునూ పిలిచాడు.

"వాగు దగ్గర సున్నం కొట్టిన తెల్లరాయి ఉంది కదా. అవతలి ఊళ్ళ నుంచి పిలుపు వస్తే అక్కడే బటన్ నొక్కేయండి," అన్నాడు.

"అక్కణ్ణుంచి ఇంకా అరగంట దారి ఉంది కదా సార్," అంది ఎస్తేరు.

"ఎలాగూ చేరతాం కదమ్మా. చేరేవాళ్ళం చేరామంటే అది అబద్ధమా?"

"అలాగైతే సార్, పెళ్ళిచూపులనాడే ఉయ్యాల కట్టేయొచ్చు," అన్నాడు నూకరాజు.

"వేళాకోళాలు వద్దు నూకరాజూ. ఇక్కడ నొక్కనివాళ్ళు ఇంకో జిల్లాకి పోయి నొక్కుకుంటారు."

నూకరాజు నోరు మూసుకున్నాడు. ఎస్తేరు మూయలేదు.

"తెర మీద మీ ఇష్టం సార్. రోగి కాగితంలో నాడి చూసిన వేళ రాయాలి. అది నా చేత్తో రాసేది. అది మాత్రం ఉన్నదున్నట్టే రాస్తాను."

"రాసుకో తల్లీ. ఆ కాగితాలు చదివేది చెదపురుగులే," అన్నాడు పట్టాభి.

ఆ నెలనుంచే గంధవరం పచ్చబడింది. పంట చేలు కూడా అంత పచ్చగా ఉండవు. మూడు నెలలు తిరక్కుండా మొదటి ర్యాంకు వచ్చింది, షీల్డు వచ్చింది. ఆ షీల్డు ఎంత పెద్దదంటే, లోపలికి తేవడానికి గది తలుపు ఊడదీయాల్సి వచ్చింది. పట్టాభి దాన్ని రోజుకు రెండుసార్లు తుడిచేవాడు. స్ట్రెచరు చక్రానికి నూనె వేయించే తీరిక మాత్రం అతనికి దొరికేది కాదు.

వాగు అవతల చింతలోవలో పైడితల్లి అని ఆశా కార్యకర్త ఉండేది. గర్భిణులను ఆసుపత్రికి తీసుకెళ్ళడం ఆమె పని. తీసుకెళ్ళడానికి బండి సమయానికి వస్తే కదా. ఏడాదిలో ఆ పదకొండు ఊళ్ళలో నలుగురు మంచం మీదే పోయారు. ఆమె కోడలు వరాలుకు అప్పుడు తొమ్మిదో నెల. పైడితల్లి పదకొండు ఊళ్ళూ కాలినడకన తిరిగి, అవతలి ఒడ్డున ఒక బండి పెట్టమని అర్జీ రాయించి, వేలిముద్రలు వేయించింది. దాన్ని పట్టుకుని జిల్లా ఆఫీసులో మీటింగు జరిగే రోజున వెళ్ళి నిలబడింది. ఆమెను ఎవరూ కూర్చోమనలేదు.

వైకుంఠరావు గారు అర్జీని రెండు వేళ్ళతో, బల్లిని పట్టుకున్నట్టు పట్టుకున్నారు.

"ఏమయ్యా పట్టాభీ, అవతలి ఊళ్ళకు మీ బండి ఎంతసేపట్లో వెళుతోంది?"

"పద్దెనిమిది నిమిషాలు సార్."

పైడితల్లి అతని వైపు తిరిగింది. "పట్టాభి బాబూ, నా మొహం చూసి చెప్పు. తాటిచెట్టు మీంచి పడిన గవిరయ్య కోసం మేం ఎంతసేపు దారి చూశామో నీకు తెలీదా? మనిషి చల్లబడిపోయాక వచ్చింది మీ బండి."

ఎప్పుడూ ఊగే మెడ ఆ పూట ఊగలేదు. పట్టాభి బల్లకేసి చూశాడు.

"చూడమ్మా, యంత్రం అబద్ధం చెప్పదు," అన్నారు వైకుంఠరావు గారు. "పద్దెనిమిది నిమిషాల్లో బండి వచ్చే ఊళ్ళకు రెండో బండి ఎందుకు? పెళ్ళికొడుకుని ఊరేగించడానికా?"

గదిలో అందరూ నవ్వారు. కేంద్రాల పెద్దలు నవ్వారు, గుమాస్తాలు నవ్వారు, టీ తెచ్చినవాడు కూడా నవ్వాడు. నలుగురు చచ్చిపోయిన సంగతి చెప్పడానికి ఇరవై మైళ్ళు వచ్చిన మనిషిని చూసి నవ్వారు. ఈ మాట రాస్తుంటే నా ఒళ్ళు మండుతోంది. పొయ్యి వెలిగించకుండా దీని మీద అన్నం వండుకోవచ్చు.

"యంత్రం చెప్పదు బాబూ. దాన్ని ఆడించేవోళ్ళు చెబుతారు," అని పైడితల్లి బయటికి నడిచింది.

ఆమె వెళ్ళాక వైకుంఠరావు గారు పట్టాభిని పిలిచి, "మళ్ళీ ఇలాంటి అర్జీ రాకూడదు. బండి సకాలంలో వస్తోందని ఆ జనం చేతే వేలిముద్రలు వేయించుకురా," అన్నారు.

"చిత్తం సార్," అన్నాడు పట్టాభి.

మర్నాడు పట్టాభి మోటారుసైకిలు వాగు గట్టున పెట్టి, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, వాగు దాటి, పొలాల గట్ల మీద గంటసేపు నడిచి చింతలోవ వెళ్ళాడు. చంకలో కాగితాలు, జేబులో సిరా డబ్బా. తిన్నగా పైడితల్లి ఇంటి అరుగు మీద కూర్చున్నాడు. ఆమె కాదనలేకపోతే మిగతా ఊళ్ళు తేలికని అతని ఎత్తు.

"ముద్రలకు వచ్చావా బాబూ? మొన్నటి ముద్రల సిరాయే ఇంకా వదల్లేదు," అంది పైడితల్లి.

అతను జవాబు చెప్పేలోపే లోపలి నుంచి వరాలు కేక వినిపించింది. మూడు వారాలు ముందే నొప్పులు వచ్చేశాయి. పైడితల్లి భర్త అప్పలస్వామి అంబులెన్సుకు ఫోను చేశాడు. అప్పుడు పన్నెండూ ఇరవై. కంట్రోలు గదిలో నర్సు ఫోను పెట్టేయకుండా, బండి వచ్చేదాకా ఏం చేయాలో ఒక్కొక్కటే చెబుతూ ఉంది. అక్కడి పద్ధతి అది.

పదిహేను నిమిషాల్లో బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. ఆ ఏడుపు వాగు అవతల పశువులకు కూడా వినిపించి ఉంటుంది. అంతా బాగానే ఉందనుకున్నారు. అంతలో వరాలుకు రక్తం పోవడం మొదలైంది, ఆగలేదు. అప్పలస్వామి ఆ మాటే ఫోనులో చెబుతున్నాడు. సరిగ్గా పన్నెండూ ముప్పై ఎనిమిదికి నర్సు గొంతు తేలికపడింది.

"మావాళ్ళు మీ ఇంటికి చేరారండి. ఇక వాళ్ళు చూసుకుంటారు," అని ఫోను పెట్టేసింది.

అప్పలస్వామి వీధిలోకి పరుగెత్తాడు. బండి లేదు. ఊరి చివరకు పరుగెత్తాడు. లేదు. బండివాళ్ళు ఇల్లు తెలియక తిరుగుతున్నారేమోనని ఆ ముసలాయన ఊరు మూడుసార్లు చుట్టాడు. "బండొచ్చిందంట, ఎక్కడుందో చూశారా?" అని కనిపించిన ప్రతి మనిషినీ అడిగాడు. బండి ఎక్కడుందో ఆ ఊళ్ళో ఒక్క మనిషికే తెలుసు. ఆ మనిషి అరుగు మీద నిలబడి ఉన్నాడు.

పట్టాభి తన ఫోను తీసి కంట్రోలు గదికి చేశాడు. "చింతలోవకు బండి రాలేదండి. రక్తం పోతోంది, లైన్లోకి రండి," అన్నాడు.

"వచ్చిందండి. తెర మీద చేరినట్టు ఉంది."

"చేరలేదంటున్నాను కదా."

"ఇంతకీ మీరెవరండి?"

"నేను పట్టాభిని. గంధవరం కేంద్రం పెద్దని."

"మీ బండే కదా సార్. మీవాళ్ళే కదా నొక్కింది," అంది నర్సు.

పట్టాభి ఫోను జేబులో పెట్టేశాడు. గుమ్మంలోంచి పైడితల్లి అరిచింది. "బాబూ, నువ్వొకప్పుడు బండెనక ఉండేవాడివంట. ఏమన్నా చేతనవునా, లేక తలూపడమేనా?"

అతను లోపలికి వెళ్ళాడు. మంచం కాళ్ళవైపు కింద ఇటుకలు పెట్టించాడు. బిడ్డను తల్లి రొమ్ముకు ఆనించమన్నాడు. "పైడితల్లీ, పొత్తికడుపు మీద చెయ్యి పెట్టి గట్టిగా రుద్దు. రాయిలా గట్టిపడేదాకా రుద్దు. ఆపొద్దు," అన్నాడు. తను వరాలు మణికట్టు పట్టుకున్నాడు. తొమ్మిదేళ్ళుగా పట్టని చెయ్యి. నాడి దారంలా సన్నగా ఉంది. కాసేపు దొరికింది, కాసేపు జారింది. ఆ అరగంటలో అతనికి తొంభై ఏళ్ళు వచ్చాయి. ఈ మాటలో అతిశయం ఏమీ లేదు, మంచం పక్కన అరగంట కూర్చున్నవాళ్ళను ఎవరినైనా అడగండి.

రక్తం తగ్గుతూ ఉండగా బండి మోత వినిపించింది. ఎస్తేరు సంచీతో పరుగెత్తుకొచ్చి, సెలైను ఎక్కించి, ఇంజెక్షను ఇచ్చింది. పట్టాభి ఇంకా మణికట్టు వదల్లేదు.

"సార్, ఇక నాకివ్వండి," అని ఎస్తేరు మెల్లగా ఆ చెయ్యి తీసుకుంది. కాగితం తెరిచి, "నాడి చూసిన వేళ రాయాలి. మీ వాచీ చూసి చెప్పండి," అంది.

"ఒంటిగంటా ఏడు," అన్నాడు పట్టాభి.

వరాలును బండి ఎక్కిస్తుంటే పైడితల్లి అతని ముందుకొచ్చి చెయ్యి చాపింది. "ఆ కాగితం ఇలా ఇవ్వు బాబూ. బండి సకాలంలో వస్తోందని ముద్ర కావాలన్నావు కదా. ఇప్పుడు నా వేళ్ళకు నీ సిరా కూడా అక్కర్లేదు."

పట్టాభి రక్తం అంటిన ఆ వేళ్ళు చూశాడు. కాగితాలు చింపి వాగులో పారేసి వెళ్ళాడు.

వరాలు బతికింది. ఆ రోజు ముద్రల కోసం ఒక పెద్దమనిషి ఆ ఇంటికి రావడం వల్ల బతికింది. గవిరయ్య పడిననాడు అతని ఇంటికి అలా ఎవరూ రాలేదు.

సోమవారం మీటింగులో వైకుంఠరావు గారు గంధవరానికి మళ్ళీ మొదటి ర్యాంకు చదివారు. అందరూ చప్పట్లు కొట్టారు. పట్టాభి లేచి ఒక కాగితాల కట్ట బల్లమీద పెట్టాడు.

"ఏమిటయ్యా ఇది?"

"ఎస్తేరు రాసిన రోగుల కాగితాలు సార్. తెర మీద చేరిన వేళ, ఇందులో నాడి చూసిన వేళ పక్కపక్కన పెట్టి చూడండి. అవతలి ఊళ్ళన్నిటికీ అరగంట తేడా ఉంది."

"ఆ అరగంటా మీవాళ్ళు ఏం చేశారు?"

"దారిలో ఉన్నారు సార్. నొక్కమన్నది నేను. రెండో బండి రాకుండా అడ్డం పడిందీ నేనే. ఆ పైడితల్లి చెప్పిందంతా నిజం."

గదిలో ఈసారి ఎవరూ నవ్వలేదు. వైకుంఠరావు గారు గొంతు తగ్గించారు. "నీ కుర్చీ పోతుంది, తెలుసా? ఆ కట్ట ఇక్కడ పెట్టి వెళ్ళిపో. మళ్ళీ ఎవరికీ చెప్పకు."

"ఈ వేళలన్నీ పైడితల్లి అర్జీ నకలుకు జతచేసి పొద్దున్నే కలెక్టరు కచేరీలో ఇచ్చి వచ్చాను సార్."

"అయితే కుర్చీ ఖాళీ చెయ్యి."

"చిత్తం సార్," అన్నాడు పట్టాభి. తల మాత్రం ఊపలేదు.

కుర్చీ పోయింది. షీల్డు పోయింది. గంధవరం ర్యాంకు కిందికి దిగి దిగి నేలలోకి కూడా కొంచెం దిగింది. వైకుంఠరావు గారికి ఏమవుతుందో అని అందరూ ఎదురుచూశారు. వారికి పూలదండ వేసి ఇంకా పెద్ద ఆఫీసుకు పంపారు. కథ చెప్పే ఈ ముసల్ది దీన్ని కూడా పెంచి చెబుతోందనుకుంటారేమో. ఈ ఒక్కటీ పెంచలేదు.

ఏడు నెలలు ఆలస్యంగానైనా చింతలోవకు రెండో బండి వచ్చింది. కేంద్రానికి ఎస్తేరు పెద్ద అయింది. పట్టాభి తనే అడిగి ఆ బండి వెనక చేరాడు. గవిరయ్య భార్య అతనితో ఎన్నడూ మాట్లాడలేదు. అతనూ మాట్లాడమని అడగలేదు. పిలుపు వస్తే తొమ్మిది నిమిషాల్లో చేరేవారు. అయినా బండి ఆగగానే డ్రైవరు తెర వైపు చెయ్యి చాపితే, "ఆగు," అనేవాడు పట్టాభి. లోపలికి వెళ్ళి రోగి మణికట్టు పట్టుకుని, "ఆ, ఇప్పుడు నొక్కు," అని కేకేసేవాడు.

నీతి: పైవాళ్ళు మెచ్చే మాట మోసేవాడు నాయకుడు కాడు, తన జనం కష్టాన్ని ఉన్నదున్నట్టు పైకి చేర్చేవాడే నాయకుడు, లేని మేలు ఉందని చెప్పేవాడు రావలసిన మేలుకు తానే అడ్డుగోడ అవుతాడు.