పరాయి ముక్క

ప్రభుదాసు ఆ రోజు ల్యాబ్ మానేస్తానని చెప్పడానికే మేడమ్ గదికి వచ్చాడు. అదే ల్యాబ్‌లో పరిశోధన చేస్తున్న నేనూ అక్కడే ఉన్నాను. మనిషి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

నాలుగేళ్లుగా అతనిది ఒకటే వెతుకులాట. తల్లి కడుపులో బిడ్డకు తిండి అందించేది మావి. ఆ పనికి కావలసిన జన్యువు ఒకటుంది. దాన్ని వెలిగించే మీట ఎక్కడుందో కనిపెట్టాలి. జన్యువు పనిచేస్తుంటే కణాలు పచ్చగా మెరిసేలా ఏర్పాటు చేసుకున్నాడు. అనుమానమున్న చోటల్లా డీఎన్‌ఏని కోసి చూశాడు. ఎక్కడ కోసినా మెరుపు తగ్గితేగా! ఈ నెలాఖరులోగా తేలకపోతే పీహెచ్‌డీ పోయినట్టే.

"ఇక నా వల్ల కాదు మేడమ్. చూడాల్సిన చోటే మిగల్లేదు."

మా గైడ్ వకుళ మేడమ్ కూడా అలసిపోయే ఉంది. కళ్లజోడు తీసి కళ్లు నులుముకుని, కంప్యూటర్ తెర మీది డీఎన్‌ఏ పటంలో ఒక బూడిదరంగు ముక్క మీద వేలు పెట్టింది.

"ఇది?"

"అది చెత్త మేడమ్. ఎప్పుడో మన పూర్వీకుల్లో చొరబడిన వైరస్ తాలూకు ముక్క. అటూ ఇటూ గెంతి వందల కాపీలు వేసుకుంది. మనది కాదు. వెతికేముందు అలాంటివన్నీ లెక్కలోకి రాకుండా మూసేస్తాం కదా, మీరే నేర్పారు."

"నేర్పాను. చెత్తే కదా, కోసి పారెయ్. పోయేదేముంది?"

ప్రభుదాసుకి ఒళ్లు మండింది. ఎటూ మానేస్తున్నాను, ఇదొక్కటీ చేసి పోదామని గొణుక్కుంటూ వెళ్లాడు.

కోసిన కణాలు పెరిగాక మైక్రోస్కోపు కింద పెట్టాడు. చూసి, కళ్లు తుడుచుకుని మళ్లీ చూశాడు. నేను వెళ్లి మేడమ్‌ని పిలుచుకొచ్చాను.

"మొత్తం ఆరిపోయింది మేడమ్." అన్నాడు ప్రభుదాసు.

"కణాలు చచ్చాయా?"

"లేదు, బాగానే ఉన్నాయి. ఆ జన్యువొక్కటే పలకడం లేదు."

మేడమ్ వంగి తనూ చూసింది. చాలాసేపు చూసింది. అతని పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

"మనది కాదన్నావు కదయ్యా. మరి అది లేకపోతే బిడ్డకు తిండి పెట్టేదెవరు?"

ప్రభుదాసు లేచి వెళ్లి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. మూసిపెట్టినవన్నీ తెరిచి మొదటి నుంచి చూడసాగాడు.