కొక్కెం మీది గరిటె

పరాంకుశస్వామి మఠంలో తాళపత్రాల జాబితా చెడిపోయింది. మూడు నెలల శ్రమ ఒక్క పూటలో కలగాపులగమైంది. ఒక గ్రంథం పేరు పక్కన మరో గ్రంథం పత్రాల సంఖ్య వచ్చి కూర్చుంది.

ఆ జాబితాను నింపే స్క్రిప్టు, అంటే చిన్న కంప్యూటరు ప్రోగ్రాము, రాసింది శిష్యురాలు వకుళ. ఒక కంప్యూటరు మీద ఆమె, మరొకదాని మీద చిన్న శిష్యుడు యతిరాజు దాన్నే నడుపుతారు. జాబితాలో ఇంకొకరు రాస్తున్నారని తెలిపే గుర్తు ఫైలు ఉందేమోనని స్క్రిప్టు మొదట చూస్తుంది. లేకపోతే తానొకటి పెట్టి, రాయడం మొదలుపెడుతుంది; పని ముగిశాక దాన్ని తీసేస్తుంది.

"నా స్క్రిప్టు చూడకుండా రాయదు స్వామీ. ఇతడే ఏదో కెలికి ఉంటాడు. పూలతోట పనికి పంపించండి," అంది వకుళ, కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగా.

"దాన్ని దణ్ణం పెట్టుకుని నడపడం తప్ప నాకేం తెలుసక్కా?" అన్నాడు యతిరాజు బిక్కమొహంతో.

స్వామి ఇద్దరినీ చూశారు. "ఈ పూట వంట మీదే. పప్పులో ఉప్పు లేకపోతే వేయండి."

ఆ మఠం వంటింట్లో ఎవరూ నోరు విప్పరాదు. వకుళ పప్పు రుచి చూసింది, ఉప్పు లేదు. తేవడానికి కొట్టుగదిలోకి వెళ్ళింది. ఆమె అటు వెళ్ళగానే యతిరాజు రుచి చూశాడు, ఉప్పు లేదు. పెరటి అరుగు మీది జాడీ కోసం అతడూ వెళ్ళాడు.

భోజనాల వేళ స్వామి మొదటి ముద్ద తిని, చెంబెడు నీళ్ళు తాగారు.

"నేను చూసినప్పుడు ఉప్పు లేదు స్వామీ," అంది వకుళ.

"నేను చూసినప్పుడూ లేదు," అన్నాడు యతిరాజు.

"ఇద్దరూ నిజమే చెప్పారు. పప్పే సముద్రమైంది." ఆయన రెండో ముద్ద కలుపుకున్నారు. "రేపటి నుంచి పొయ్యి దగ్గర ఒక్క గరిటే ఉంటుంది. రుచి చూడకముందే దాన్ని కొక్కెం మీంచి తీసుకోవాలి. అక్కడ లేకపోతే ఆగాలి."

మరునాడు ఉదయం పప్పు కలుపుతూ కలుపుతూ వకుళ ఆగిపోయింది. గరిటెను నడుముకు దోపుకుని కంప్యూటరు గదికి పరుగెత్తింది.

గుర్తు ఫైలును చూసే, పెట్టే, తీసేసే పంక్తులన్నిటినీ చెరిపేసింది. వాటి స్థానంలో ఒక ఫోల్డరును సృష్టించే ఆజ్ఞ రాసింది. ఆ పేరుతో ఫోల్డరు అప్పటికే ఉంటే యంత్రం రెండోదాన్ని చేయనివ్వదు. చేయగలిగినవారే రాయాలి, మిగిలినవారు ఆగి మళ్ళీ ప్రయత్నించాలి. చూడటానికీ తీసుకోవడానికీ నడుమ ఇక సందు లేదు.

రెండు కంప్యూటర్లనూ ఒకేసారి నడిపింది. ఒకటి రాసింది. రెండోది ఒద్దికగా ఆగింది.

"కలగాపులగం కాలేదు స్వామీ! ఒక్క అక్షరం కూడా తారుమారు కాలేదు!" అంటూ ఆమె స్వామి దగ్గరకు వచ్చింది. అంతలోనే గొంతు తగ్గించింది. "కానీ నా కంప్యూటరు పని ముగించి ఎంతో సేపైంది. యతిరాజుది మాత్రం ఇంకా ఆగే ఉంది. ఎందుకో తెలియడం లేదు."

"యతిరాజు కూడా అంతే తల్లీ," అన్నారు స్వామి, ఎంతో ప్రేమగా. "పొద్దుటి నుంచీ కొక్కెం ముందే నిలబడ్డాడు."

వకుళ చేయి నడుము మీదికి వెళ్ళింది.

 వంటింటికి వెళ్ళి గరిటెను కొక్కేనికి తగిలించింది. తర్వాత కంప్యూటరు ముందు కూర్చుని, స్క్రిప్టు చివర ఆ ఫోల్డరును తీసేసే పంక్తి ఒకటి రాసింది.