పట్టపుటేనుగుకు తమ్ముడైన మంత్రి

కుందనగిరి రాజ్యంలో అప్పటికే ఇంటర్నెట్ వచ్చేసింది. సింహాసనానికి కుడిపక్క వింజామర, ఎడమపక్క ఛార్జర్! ఎదురుగా గోడంత తెర. పొద్దుపోకపోతే చాలు, ఉద్దండవర్మ మహారాజుగారు ఏదో ఒకటి వెతికించుకుని మురిసిపోయేవారు.

ఒకరోజు పట్టపుటేనుగు భద్రుడు చనిపోయాడు. రాజుగారు కుమిలి కుమిలి, ఉన్నట్టుండి ఓ వింత మాటన్నారు.

"మహామంత్రి పదవి ఖాళీగా ఉంది కదా! భద్రుడి కోసం మనస్ఫూర్తిగా ఏడ్చినవాళ్లకే ఇచ్చేస్తాను!"

ఇంకేముంది! మంత్రి దండపాణి ఒక్క అంగలో ముందుకొచ్చి పట్టు ఉత్తరీయంతో కళ్లొత్తుకున్నాడు.

"భద్రుడి మృతి రాజ్యానికి తీరని లోటు. ఆయన నాకు సొంత అన్నలాంటివారు. ఇద్దరం ఒకే కంచంలో తిన్నాం!"

సభంతా ముక్కులు చీదింది. విదూషకుడు కూర్మయ్యకు మాత్రం, ఏనుగూ మంత్రీ ఒకే కంచంలో తింటున్న దృశ్యం కళ్లకు కట్టింది. ఆపుకోలేక ఫక్కున నవ్వేశాడు పాపం!

"ప్రభూ! చావు కబురు దగ్గర నవ్వుతాడా? వీణ్ణి రాజ్యంలోంచి వెళ్లగొట్టండి!" అని దండపాణి గంతులేశాడు.

రాజుగారి ముఖం జేవురించింది. "ఎందుకు నవ్వావురా?"

కూర్మయ్య చేతులు జోడించాడు. "ఆ ఏడుపులో కపటం ఉంది ప్రభూ."

"ఎంతుందో ఇప్పుడే కొలిచి చూపించు. చూపించలేకపోయావో, పొద్దుగూకేలోగా పెళ్లాం పిల్లలతో పొలిమేర దాటాలి!"

కూర్మయ్య తెర దగ్గరికి నడిచాడు. "గుండెలోంచి వచ్చిన మాట ఒక్కరి కోసమే పుడుతుంది ప్రభూ. అదే మాట నెట్‌లో ఎన్నిసార్లు దొరికితే అంత కపటం."

"వెతుక్కో!" అని దండపాణి మీసం దువ్వాడు.

మంత్రిగారి పేరూ, 'ఒకే కంచంలో తిన్నాం' అన్న మాటా కొట్టి కూర్మయ్య కళ్లు మూసుకున్నాడు. తెర మీద చక్రం గిర్రున తిరిగింది.

ఫలితాలు ఆరువందల పన్నెండు!

ఆస్థానకవి పోతే ఒకే కంచం. వస్తాదు పోతే ఒకే కంచం. పొరుగుదేశపు రాణిగారు పోయినా, "ఆవిడ నాకు సొంత అన్నలాంటివారు" అని ఉంది!

"మంత్రిగారి కంచం చెరువంత ఉండాలి ప్రభూ!" అన్నాడు కూర్మయ్య. సభ గొల్లుమంది.

దండపాణి తొణకలేదు. "అందరినీ సమానంగా ప్రేమించడం తప్పా ప్రభూ?"

"అదీ నిజమేననుకో..." అని రాజుగారు గడ్డం గోక్కున్నారు. కూర్మయ్య గబగబా జాబితా అడుగుకు దిగాడు. చిట్టచివరిది చూడగానే ప్రాణం లేచొచ్చింది.

"అయ్యా, దీన్ని నేను చదివితే ఏం బాగుంటుంది? తమ కమ్మని గొంతుతో తమరే చదవాలి."

దండపాణి ఉబ్బిపోయాడు. గొంతు సవరించుకుని, చెయ్యి పైకెత్తి మొదలుపెట్టాడు.

"నిరుడు పుష్యమాసంలో నా సంతాప సందేశం. మహారాజు ఉద్దండవర్మగారి మృతి రాజ్యానికి తీరని లోటు. ఆయన నాకు సొంత అన్న..."

ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది.

రాజుగారు తనను తానే గిల్లి చూసుకున్నారు. "నిరుడు పుష్యమాసంలో నాకు జలుబు కదయ్యా చేసింది!"

"ముం... ముందుజాగ్రత్తగా రాయించి పెట్టుకున్నాను ప్రభూ! గుమాస్తా పొరపాటున నెట్‌లోకి ఎక్కించేశాడు!"

అంతే! రాజుగారు పొట్ట పట్టుకుని నవ్విన నవ్వుకు కిరీటం దొర్లి కిందపడింది. దండపాణి ఉత్తరీయంలో ముఖం దాచుకుని, సందు చూసుకుని జారుకున్నాడు.

"ఒరే కూర్మయ్యా, మరి నేను పోతే నువ్వేమంటావురా?" అన్నారు రాజుగారు కళ్లు తుడుచుకుంటూ.

"ఇక నా పిచ్చి మాటలకు పడీపడీ నవ్వేదెవరురా దేవుడా అని ఏడుస్తాను ప్రభూ!"

రాజుగారు ఆ మాట తెర మీద వెతికించారు. ఒక్కటంటే ఒక్కటి దొరకలేదు. మహామంత్రి ఉంగరం కూర్మయ్య వేలికి తొడిగి, మళ్లీ పడీపడీ నవ్వారు.