తీర్పు రాకముందే వచ్చిన మంట

గుట్టల నడుమ ఈతకోన అనే అడవి ఉండేది. అందులో జింకలు, నెమళ్లు, కోతులు, ముళ్లపందులు కాపురముండేవి. ఆ అడవి ఏ ఒక్కరిదీ కాదు, అందరిదీ. తగవులొస్తే ముసలి ఏనుగు తీర్పు చెప్పేది.

ఎండలు ముదరకముందే గుట్ట వారన ఎండుటాకులు ఊడ్చి, వెడల్పాటి బాట తీయాలని అక్కడి చట్టం. అవతల మంట లేచినా ఆ బాట దాటి ఇవతలకు రాదు.

ఆ ఏడు ఒక నెమలికి పంతం వచ్చింది. తోక విప్పుకుని ఏనుగు దగ్గరికి వెళ్లింది.

"ఆకుల కింది పురుగులే మా తిండి. నన్నడగకుండా చేసిన చట్టం చెల్లదు తాతా" అంది.

"సరే, విచారణ తేలేదాకా బాట ఊడ్వకండి" అంది ఏనుగు.

జింకలు పరుగున వచ్చాయి. "మంట వస్తే మా గతేమిటి తాతా?"

"అదీ నిజమే. అయితే ఊడ్వండి."

"ముందు చెప్పిన మాట చెల్లుతుందా, ఇప్పటి మాటా?" అని కోతులు అడిగాయి. ఏనుగుకే తెలియలేదు. "రెండూ నేనే చెప్పానే!" అని తొండంతో నెత్తి గోక్కుంది.

అడవంతా అయోమయం. పొద్దున జింకలు ఊడ్చిన ఆకుల్ని సాయంత్రం నెమలి మళ్లీ పరిచేది. ఎటు చేరాలో తెలియని కోతులు కాసేపు ఊడ్చేవి, కాసేపు పరిచేవి. చేస్తున్నది తప్పో ఒప్పో ఎవరికీ అంతుబట్టలేదు.

గుట్ట కింది కలుగులో ఒక ముళ్లపంది ఈనింది. పిల్లలకింకా నడక రాలేదు. దానికీ ఈ గోల ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, భయం మాత్రం పట్టుకుంది.

"తాతా, నా కలుగు చుట్టూ ఊడ్చుకోవచ్చా?" అని ఏనుగును అడిగింది.

"దాని మీద తగవేమీ లేదు కదమ్మా."

అంతే, ముళ్లపంది పని మొదలుపెట్టింది. "తీర్పు రానీ, అంత తొందరేమిటి?" అని నెమలి నవ్వింది. ముళ్లపంది మాత్రం రోజూ ఇంకొంచెం, ఇంకొంచెం ఊడ్చుకుంటూ పోయింది.

ఒక మిట్టమధ్యాహ్నం గుట్ట అవతలి నుంచి మంట వచ్చింది. "ఇప్పుడు ఊడ్చాలా, వద్దా?" అని కోతులు అప్పుడూ అడుగుతూనే ఉన్నాయి. ఇక వేళ ఎక్కడిది? అందరూ ముళ్లపంది ఊడ్చిన నేల మీదికి ఉరికారు. కలుగులో పిల్లలు క్షేమంగా ఉన్నాయి. అందరికన్నా చివర వచ్చింది నెమలి. దాని అందమైన తోక కాలిపోయింది. పాపం, చూస్తే ఎవరికైనా జాలేస్తుంది.

"తీర్పు ఇంకా రాలేదే, మంట ముందే ఎలా వచ్చింది?" అంది నెమలి అయోమయంగా.

"మన తగవు సంగతి మంటకు తెలియదుగా అన్నా" అంది ముళ్లపంది.

నీతి: తగవు తేలేదాకా ఆపద ఆగదు.