బురదమీద గెంతే చేప

పైకి ఎప్పుడూ అనని మాట ఒకటుంది. "నువ్వు ఎటూ కానిదానివి" అని జనం అంటే నేనూ నిజమేననుకున్నాను. బడి మధ్యలో మానేశాను, దొరికిన పుస్తకమల్లా చదివాను. మడ అడవి చూడవచ్చేవాళ్ళకి పడవమీద అన్నీ వివరించే పనికి మరిడమ్మత్త రమ్మంది. రేపటిలోగా చెప్పాలి. ఏం చెప్పాలా అని ఆలోచిస్తుంటే ఈ కథ వచ్చింది.

గోదారి సముద్రంలో కలిసేచోట ఓ గెంతుచేప. నీళ్ళుంటే ఈదేది, నీళ్ళు తీస్తే రెక్కలు ఊని బురదమీద గెంతేది. వరదకి ఎగువనుంచి కొట్టుకొచ్చిన బొచ్చెచేప దాన్ని చూసి ఒకటే నవ్వు.

"ఏమ్మా, చేపవా? కప్పవా?"

"మా తాతముత్తాతలూ నీలాంటి చేపలే, పెద్దమ్మా. ఇక్కడ నీళ్ళు రోజూ వస్తాయి, పోతాయి. తడి ఒంటితో గాలి పీల్చగలిగినవాళ్ళు మిగిలారు, తక్కినవాళ్ళు కొంగల పాలయ్యారు. ఆ మిగిలినవాళ్ళ పిల్లల పిల్లలం మేం. నీళ్ళు తీస్తున్నాయి, లోతుకి పో."

"చాల్లే, నాకు ఈత నేర్పొచ్చావు!"

నీళ్ళు తీశాయి. బొచ్చె గట్టుపక్క గుంటలో చిక్కింది. ఎగువ లంకనుంచి కొత్తగా దిగిన నక్క గట్టుమీద లొట్టలేసింది.

గెంతుచేప బురదలోకి గెంతి పిలిచింది. "నక్కమావా, కదల్లేనిదాన్ని పట్టడమూ వేటేనా? నన్ను పట్టు చూద్దాం."

"గుప్పెడు లేవు, నువ్వా!"

"గుప్పెడు లేనిదాన్ని వదిలేశావని మీ లంకలో తెలిస్తే?"

"ముందు నిన్ను నంజుకుని, తర్వాత దాన్ని తింటా!" నక్క దూకింది. లంకలో దానికి తెలిసింది ఇసకే. ఇక్కడి బురద పొట్టదాకా మింగేసింది. ఇంతలో సముద్రం పోటెత్తింది, గుంట నిండింది.

"పెద్దమ్మా, నీళ్ళలో ఉప్పు ముదరకముందే పోటు వెంట ఎగువకి పో!"

"నవ్వాను కదే తల్లీ..."

"మాటలు తర్వాత!"

బొచ్చె వెళ్ళిపోయింది. నక్క ముక్కుదాకా నీళ్ళు. "బతికుంటే బలుసాకు తింటానే, అమ్మా!"

"నువ్వా, బలుసాకా! ముందు కాళ్ళమీద లేవబోకు మావా, బోర్లా పడుకుని పాకు. ఆ మడచెట్టు వేళ్ళు అందుకో."

నక్క పాకింది, అచ్చం గెంతుచేపలాగే. గట్టెక్కి, వెనక్కి చూడకుండా లంకదారి పట్టింది.

ఎటూ కానిదని నవ్విపోయినవాళ్ళకి, ఆపదలో దారి చూపేది అదే.

మరిడమ్మత్తకి ఇప్పుడే ఫోన్ చేస్తాను. పడవ ఎన్నింటికో అడగాలి.