భద్రమ్మ ఎక్కని మెట్లు

చిదంబరయ్యగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన ముందు ఒక వక్క నోట్లో వేసుకునేవారు. ఆ వక్క అరిగేలోపు అడిగినవాడి గడ్డం నెరిసిపోయేది. శిష్యుడు ప్రభాకరం మాత్రం ఓపిగ్గా కూర్చున్నాడు. నలుగురు కలిసి బతికేచోట అందరూ ఒప్పుకున్నాకే పని మొదలుపెట్టడం ధర్మం కదా అన్నది అతని ప్రశ్న. గురువుగారు చెప్పింది ఇది.

కొన్ని కుటుంబాలు పొత్తున ఒక పెద్ద ఇల్లు కట్టుకున్నాయి. కింద ఎవరి గదులు వారివి. మేడమీద ఒకే వంటిల్లు, ఒకే పంక్తి, తిన్నాక అక్కడే సభ. అందరూ వచ్చి కూర్చుని, అందరూ సరేనంటేనే ఏ పనైనా. అంత మంచివాళ్లు భూమ్మీద మళ్లీ పుట్టలేదు. చీమను తొక్కాల్సి వస్తే చీమనడిగి తొక్కేవారు.

వారిలో భద్రమ్మ ఒంటరిది. మోకాళ్లు అరిగిపోయాయి. పంక్తిలో నలుగురి మధ్య కూర్చుని తినే ఆ పూటే ఆమెకు మిగిలిన బతుకు. పట్టుకుని ఎక్కడానికి మెట్లకు ఒక కమ్మీ వేయించమని సభలో అడిగింది. వద్దన్నవారు లేరు. ఇనుముదైతే ఎండకు కాలి ఆమె చెయ్యి బొబ్బలెక్కుతుందన్నారు ఒకరు. కర్రదైతే పేళ్లు గుచ్చుకుంటాయని ఇంకొకరు. ఆ ప్రేమ తెమిలేసరికి ఉయ్యాల్లో పిల్లలకు మీసాలొచ్చాయి. కర్రే అని తేలిననాటికి భద్రమ్మ మెట్టెక్కలేక కిందే ఉండిపోయింది.

"నాకిష్టమే, వేయించండి," అని కిందనుంచే కేకేసింది.

సభ నడిపే నాగభూషణం మెట్లదాకా వచ్చి, నొచ్చుకుంటూ, "మాట వస్తే చాలదు పిన్నిగారూ. మనిషి వచ్చి కూర్చోవాలి. మన కట్టుబాటు మీకు తెలియంది కాదు," అన్నాడు.

"మనిషే రాగలిగితే కమ్మీ ఎందుకురా అబ్బాయీ," అంది భద్రమ్మ.

పైన అందరూ ముచ్చటపడి నవ్వారు. ఎత్తుకొద్దామంటే, జారితే పాపం అందరిదీ కనుక అదీ సభలో తేలాలి. సభనే ఒక పూట కిందికి దించుదామంటే, అదీ అందరూ పైన కూర్చుని ఒప్పుకోవాల్సిన సంగతే. ఈలోగా అన్నం కిందికి పంపారు, గిన్నె చెయ్యి కాలేంత వేడిగా. ఆమె కింది మెట్టుమీద కూర్చుని, పైన తన గురించి సాగుతున్న మాటలు వింటూ తినేది. కొన్నాళ్లకు గిన్నె మూత తియ్యకుండానే తిరిగి రాసాగింది.

గురువుగారు ఇంకో వక్క అందుకున్నారు. ప్రభాకరానికి ఉండబట్టలేదు. "ఆఖరికి సభ కిందికి దిగిందాండీ?"

"దిగింది. ఒక పొద్దున అందరూ వచ్చి, ఆమె తలదగ్గర దీపం పెట్టి, చుట్టూ కూర్చున్నారు," అన్నారు గురువుగారు. "ఆ రోజు ఎవరూ ఎవరినీ అడగలేదు."